వెనకాముందైన పదహారు పేజీలు

ఆ ఆదివారం తరగతికి బయలుదేరేటప్పటికి షావుకారు దగ్గర ఉన్నవి ఇవి: ముప్పై ఏళ్ల పాత కాగితాల వ్యాపారం, ఈ మధ్యే మార్చిన కళ్లజోడు, ఎవరినీ నమ్మకపోవడమనే అలవాటు, చంకలో ఒక నాటకం పుస్తకం. ఇన్నేళ్లుగా తూచి అమ్మిన కాగితాల్లో ఏముందో ఒకసారి చదివి చూద్దామని యాభై రెండో ఏట బుద్ధి పుట్టింది. ఉద్యోగస్తుల కోసం ఒక చదువు కేంద్రం ఆదివారాలు నడిపే డిగ్రీ తరగతుల్లో చేరాడు.

"ఇన్నాళ్లూ కిలోల లెక్కన చదివారు, ఇక పేజీల లెక్కన చదవండి" అని భార్య నవ్వింది.

పాత కాగితాల వ్యాపారంలో నమ్మకానికి చోటు తక్కువ. కట్ట పైన ఎండిన గడ్డిలా ఉంటుంది, నడుమ బరువు కోసం నీళ్లు చల్లి ఉంటుంది. అట్టల కింద ఇటుక ముక్క దొరుకుతుంది. కట్ట గోదాములోకి వచ్చిందంటే మోచేతి దాకా చెయ్యి దూర్చి తడి చూస్తే గాని అతనికి తృప్తి ఉండదు. మనుషుల దగ్గరా అదే పద్ధతి. ఎవరైనా ఊరికే నవ్వితే, ఆ నవ్వు అడుగున ఏం పెట్టాడోనని చూసేవాడు.

తరగతి చిన్నపిల్లల బడిలో జరిగేది. బల్లలు పొట్టివి కావడంతో మోకాళ్లు పక్కకు తిప్పుకుని కూర్చోవాలి. మొత్తం పదిహేను మంది. బస్సు కండక్టరూ, బ్యాంకు కాపలాదారూ, ఆసుపత్రి నర్సూ, ఇంకా అలాంటివాళ్లే. ఈ ఏడు వాళ్లకు పెట్టిన పాఠం ఎప్పటిదో ఒక విషాద నాటకం. అనాథగా దొరికిన కుర్రవాణ్ణి రాజు తన పక్కన కూర్చోబెట్టుకుని పెంచి సేనానిని చేస్తాడు. ఆ సేనాని కన్ను రాజు కుర్చీ మీద పడుతుంది. రాజు దాటే వేళకు లోయ మీది వంతెన తాళ్లు కోయించి, కిరీటం పెట్టుకుని, మనశ్శాంతి లేక నాశనమైపోతాడు. మాస్టారు చెప్పిన కథ అంతే. పసుపు పచ్చబడ్డ పాత నోట్సు చూసి చెప్పేవాడు. పుస్తకం తెరిచేవాడు కాదు.

షావుకారుకు సేనాని చేసిన బేరం అర్థం కాలేదు. రాజుకు పిల్లల్లేరు. నాలుగేళ్లు ఓపిక పడితే కుర్చీ నడిచి వచ్చేది. చేతికి రాబోయే సరుకును ఎవడు దొంగిలిస్తాడు? అది తేలేదాకా ముందుకు కదలబుద్ధి కాక, అతను మొదటి అంకం దగ్గరే ఆగిపోయి ఉన్నాడు.

ఆ పొద్దున మాస్టారు నోట్సు తియ్యలేదు. కేంద్రం వార్షిక సంచిక బల్ల మీద పెట్టి, వేలితో ఒక పేజీ నొక్కి పట్టుకున్నాడు.

"ఒక వాక్యం వినండి. 'వంతెన కూలక ముందే సేనాని తాళ్లను చూసి వణికాడు. నేరం భయాన్ని పుట్టించలేదు, భయమే నేరాన్ని పుట్టించింది.' ఇది నా వ్యాసం. మొన్ననే అచ్చయింది." తర్వాత జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. "ఇది మీలో ఒకరు రాసిచ్చిన జవాబు. 'వంతెన జోలికి పోకముందే అతనికి తాడంటే వణుకు. మా వార్డులో కొందరు ఆపరేషను బల్ల ఎక్కక ముందే నొప్పి పడతారు. ఆ నొప్పి తట్టుకోలేకే తొందరగా కోసెయ్యమంటారు. సేనాని కూడా అంతే.' ఎవరిదో చెప్పక్కర్లేదనుకుంటా."

నర్సు లేచి నిలబడింది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చేది, తెల్లచీర మీద శాలువా కప్పుకుని.

"నాదే సార్. పోయిన నెల మొదటి వారంలో మీ చేతికే ఇచ్చాను."

"నేను రాసింది అంతకు ముందు. ఈ గదిలోనే చెప్పాను కూడా. నువ్వు విని రాశావు. ఎత్తి రాశానని ఒప్పుకుంటే ఈ ఒక్క ఏడుతో పోతుంది. కాదంటే గురువారం డైరెక్టరు గారి ముందు విచారణ. అక్కడ తేలితే మూడేళ్లు పరీక్ష రాయలేవు."

"ఒక్క ఏడు పోయినా నాకు అంతా పోయినట్టే సార్. ఈ ఏడు పట్టా వస్తేనే వార్డు ఇన్‌ఛార్జి. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది."

"అది రాసేముందు ఆలోచించాల్సింది."

కండక్టరు గొంతు తగ్గించి, "టికెట్ లేకుండా ఎక్కినట్టుంది" అన్నాడు. ఇద్దరు నవ్వారు. నర్సు కూర్చోలేదు. చేతులు శాలువా కిందికి పెట్టుకుంది.

షావుకారు మొదట ఆమెనే అనుమానించాడు. ఈమె తరగతిలో ఒక్క ముక్క రాసుకోదు, సగం సేపు తూగుతుంది. ఇంత చక్కటి సరుకు ఆమె దగ్గరికి ఎలా వచ్చింది? తరగతి వదిలాక కుళాయి దగ్గర ఆమె మొహం కడుక్కుంటుంటే పక్కన నిలబడ్డాడు.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకమ్మా. ఆ తాళ్ల సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పేదేంటి బాబాయ్ గారూ, పుస్తకంలో ఉందిగా. మీరు చదవలేదా?" సంచిలోంచి పుస్తకం తీసింది. గుర్తుకు బ్యాండేజీ ముక్క పెట్టుకుంది. ఆ పేజీ అంచుల నిండా పెన్సిలు గీతలు. "చూడండి. ఇక్కడ బావి చేదతాడు తీయించేస్తాడు. గంట తాడు తీయించేస్తాడు. తెరల తాళ్లు విప్పించేస్తాడు. ఇదంతా అయ్యాక ఇదిగో, ఇక్కడ వంతెన. ముందు భయం, తర్వాత పని. నాకు అదే వింతగా అనిపించింది. రెండు నైట్లు దీని గురించే ఆలోచించా."

ఆమె వేలు చూపిన చోట అలాగే ఉంది. అడుగున ఏమీ దాచినట్టు తోచలేదు. షావుకారు అనుమానం ఆమెను వదిలి మెల్లగా మాస్టారి వైపు తిరిగింది. డైరెక్టరమ్మ వచ్చే నెల పదవీ విరమణ చేస్తుంది. ఆ కుర్చీకి మాస్టారు దరఖాస్తు పెట్టాడు. దానికి అచ్చయిన వ్యాసం ఒకటి కావాలట. ఇరవై ఏళ్లుగా ఒక్క వ్యాసం రాయని మనిషి సరిగ్గా ఇప్పుడే ఎలా రాశాడు?

సోమవారం గోదాములో ఆడవాళ్లు తెల్ల కాగితం ఒకవైపు, రంగు కాగితం ఒకవైపు ఏరుతుంటే, షావుకారు బల్ల దగ్గర కూర్చుని తన నోటుపుస్తకం తిరగేశాడు. అతను తరగతిలో విన్నదల్లా రాసుకునే మనిషి. 'ఇక్కడ మాస్టారు దగ్గారు' అని కూడా రాసి ఉంది. తాడు అన్న మాట మాత్రం వంతెన దగ్గర తప్ప ఎక్కడా లేదు. అయితే ఇది ఒకరి మాట మీద ఇంకొకరి మాట. డైరెక్టరమ్మ ముందు పాత కాగితాల వాడి నోటుపుస్తకానికి ఏం విలువ?

మాస్టారి దగ్గర గట్టి అట్ట వేసిన పాత ప్రతి ఉంటుంది. దానిలో ఆ రంగం ఎలా ఉందో చూడాలనుకున్నాడు. అప్పుడు, వెనక గదిలో చుట్టి పెట్టిన ఒక ప్రతి గుర్తొచ్చి, అతని చెయ్యి పేజీ మీదే ఆగిపోయింది.

తరగతికి ఆ పుస్తకాలు ఇచ్చింది అతనే. రెండేళ్ల కిందట ఒక అచ్చాఫీసు మూసేస్తూ, బైండింగు పాడైన పుస్తకాలను తుక్కు కింద ఇచ్చేసింది. వాటిలో ఈ నాటకం రెండు వందల ప్రతులు. కలిపి మడిచి కుట్టే పదహారు పేజీల ఫారం ఒకటి తన చోట కాక దాని ముందున్న ఫారానికి ముందు కుట్టుకుపోయింది. పేజీ అంకెలు చూస్తే తెలిసిపోతుంది. అరవై నాలుగు తర్వాత ఎనభై ఒకటి వస్తుంది. ఆ చోట రంగాలు కొత్త ఫారాలతో మొదలై ఫారాలతోపాటే ముగిశాయి గనక వాక్యం ఎక్కడా తెగలేదు. అంకె ఒక్కటే పట్టిస్తుంది.

"నంబర్లు కనబడుతున్నాయి షావుకారూ" అని గోదాములో అట్టలు సరిచేసే బైండరు అన్నాడు.

"కింద అర అంగుళం లేపెయ్యి" అన్నాడు షావుకారు.

మిషను కత్తి కింద కట్టలు కట్టలుగా అడుగు అంచు తెగిపోయింది. అంకెలు రాలిపోయాయి. పుస్తకం కొంచెం పొట్టిదయింది. తర్వాత ఈ నాటకం పాఠంగా పెట్టారని విని, ఇలాంటి చదువు కేంద్రాలు నాలుగింటికి చవగ్గా ఇచ్చాడు. అప్పటికి అతను ఒక్క పేజీ చదవలేదు. పరీక్షలకు చదివేవాళ్లకు కథ తెలిస్తే చాలనుకున్నాడు.

కత్తి పడని ప్రతి ఒకటి వెనక గదిలో ఉంది. దాన్ని తెచ్చి, అంకెలు పట్టుకుని, అటు ఎగిరి ఇటు దూకుతూ మొదటి నుంచి చదివాడు. మధ్యాహ్నం భోజనం మానేశాడు. ఏరేవాళ్లలో పెద్దావిడ వచ్చి, "ఏంటయ్యా, అందులో నోట్లేమన్నా దొరికాయా?" అంది.

"దొరికింది" అన్నాడు.

తాళ్లు తీయించే రంగం అసలు వంతెన తర్వాతది. చంపాక వచ్చిన వణుకు అది. ముందు భయం, తర్వాత పని అన్నది ఆ నాటకం రాసినవాడి ఊహ కాదు. అచ్చాఫీసు బైండరు దారం చేసిన పని. గట్టి అట్ట ప్రతి చూసి రాసేవాడు ఎవడూ అలా రాయలేడు. తన కట్టలోని పుస్తకం చదివినవాళ్లు రాయాలి, లేదా అలా చదివినవాళ్ల జవాబు చూసినవాడు రాయాలి. మాస్టారు నాటకం తెరవనే లేదు. ఆమె కాగితం మాత్రం తెరిచాడు.

ఇక చేయవలసిందల్లా రెండు ప్రతులు పక్కపక్కన పెట్టడమే. పెడితే మొదట అడిగే మాట: అంకెలు ఎవరు కోశారు?

సాయంత్రం కంచం ముందు కూర్చున్నాడే గాని ముద్ద కదల్లేదు.

"ఒంట్లో బాలేదా?" అంది భార్య.

"సేనాని గురించి ఆలోచిస్తున్నా."

"వాడికి రాజ్యం కావాలి. మీకేం కావాలి?"

చెయ్యి కడుక్కుని లేచాడు. ఈ వార్త బయటికి వస్తే నాలుగు కేంద్రాలు పుస్తకాలు వెనక్కి పంపుతాయి. తన దుకాణం నుంచి బడులకు ఏటా వెళ్లే నోటుపుస్తకాలు ఆగిపోతాయి. ఊళ్లో ప్రతి కట్ట నడుమా చెయ్యి పెట్టి చూసే మనిషి తన కట్టకే నీళ్లు చల్లాడని తోటి వ్యాపారులు ఏడాది పాటు నవ్వుకుంటారు. పుస్తకాలు పట్టుకుపోకుండానే పని జరిగే దారి ఒకటి చూడాలనుకున్నాడు.

మంగళవారం మాస్టారిని కేంద్రంలోని అతని గదిలో కలిశాడు. ఒక్క కిటికీ, నాలుగు కుర్చీలు, గోడకు వేలాడే గొడుగు. మాస్టారు దరఖాస్తు కాగితాలకు పిన్ను పెడుతున్నాడు.

"రండి షావుకారు గారూ. ఆ నర్సు పంపించిందా?"

"ఎవరూ పంపలేదు మాస్టారూ. మీ వ్యాసం చదివాను. బాగుంది. తాళ్ల రంగం మీ పుస్తకంలో వంతెనకు ముందుందా, తర్వాతుందా అని చిన్న సందేహం."

పిన్ను మాస్టారి వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, అలమర వైపు ఒకసారి చూశాడు. లేచి గట్టి అట్ట పుస్తకం దింపి, అటు తిరిగి నిలబడి చాలాసేపు పేజీలు తిప్పాడు. మెడ వెనక చెమట పట్టడం షావుకారు చూస్తూనే ఉన్నాడు.

తిరిగి కూర్చున్నప్పుడు మాస్టారి గొంతు మామూలుగానే ఉంది. "మీరిచ్చిన పుస్తకాల్లో వేరేలా ఉందన్నమాట."

"ఉంది."

"తరగతికి ఇచ్చినప్పుడు చెప్పలేదే."

"ఇప్పుడు చెప్తున్నా. మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. పొరపాటు పడ్డానని ఒక్క ముక్క రాయండి చాలు. ఆ అమ్మాయి పరీక్ష రాసుకుంటుంది. మన ఇద్దరి సంగతీ మన మధ్యే ఉంటుంది."

"వెనక్కి తీసుకుంటే ఎందుకని అడుగుతారు. వ్యాసం చదువుతారు. కుర్చీ పోతుంది." మాస్టారు రక్తం బొట్టు రుమాలుకు తుడుచుకున్నాడు. "మీరూ ఆలోచించండి. పుస్తకం తప్పని మీరు చెబితే, మొదట పోయేది మీ పేరు. నాదే తప్పని వాళ్లు తేల్చేసరికి మీ దుకాణం మూతపడి ఉంటుంది. గురువారం మీరు ఇంట్లో ఉండండి. మీ జవాబులు దిద్దేది నేనే కదా. పట్టా గురించి బెంగ పెట్టుకోకండి."

మాస్టారు మళ్లీ కాగితాలకు పిన్ను పెట్టసాగాడు. ముప్పై ఏళ్లలో షావుకారు ఇంతకంటే న్యాయమైన బేరాలు చెయ్యలేదు. ఇద్దరికీ సరిపోయింది. పోయేదల్లా ఈ గదిలో లేని మనిషిది. అది తెలిశాకే అతనికి కూర్చోబుద్ధి కాలేదు. ఎదురుగా ఉన్నవాడు కొత్త మనిషిలా కాక, ఎప్పటినుంచో ఎరిగిన పొత్తుదారులా కనబడ్డాడు.

"ఆలోచిస్తాను మాస్టారూ" అని లేచాడు.

బుధవారం దుకాణం తెరవలేదు. ఆసుపత్రి వైపు వెళ్లి, వార్డు బయట నిలబడి కిటికీలోంచి చూశాడు. నర్సు ఒక ముసలాయన చేతికి సూది గుచ్చే ముందు ఆయన మణికట్టు పట్టుకుని ఏదో చెబుతోంది. ఆయన నవ్వగానే గుచ్చేసింది. షావుకారు పలకరించకుండా వచ్చేశాడు.

గురువారం డైరెక్టరమ్మ గదిలో పెద్ద బల్లకు ఒకవైపు ఆమె, పక్కన గుమాస్తా, ఇటువైపు మాస్టారు. నర్సు తలుపు దగ్గరి కుర్చీలో. ఆమె మూడేళ్లు పరీక్ష రాయరాదని టైపు చేసిన కాగితం ఒకటి సంతకానికి సిద్ధంగా బల్ల మీద ఉంది. షావుకారు సంచి పట్టుకుని లోపలికి రాగానే మాస్టారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"మీరెవరు?" అంది డైరెక్టరమ్మ.

"ఈ తరగతిలో చదువుతున్నానమ్మా. పుస్తకాలు ఇచ్చింది కూడా నేనే." సంచిలోంచి రెండు ప్రతులు తీసి ఆమె ముందు పెట్టాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. "దీనికి పేజీ అంకెలున్నాయి, దీనికి లేవు. ఉన్నదాంట్లో అరవై నాలుగు తర్వాత చూడండి."

ఆమె చూసింది. అటూ ఇటూ తిప్పింది. వార్షిక సంచిక తెరిచి వ్యాసం మీద వేలు పెట్టింది.

"మాస్టారూ, మీ సొంత పుస్తకంలో ఈ రంగం చూపించండి."

"ఇంటి దగ్గర మర్చిపోయానమ్మా."

"మంగళవారం మీ గదిలో ఉంది కదండీ, అలమర పై అరలో" అన్నాడు షావుకారు మెల్లగా.

గుమాస్తా వెళ్లి తెచ్చాడు. మాస్టారు దాన్ని అందుకోలేదు. డైరెక్టరమ్మే తెరిచి, వంతెన రంగం దాటాక ఇరవై పేజీలకు తాళ్ల రంగం చూసి, పుస్తకం మూసింది. టైపు కాగితాన్ని సంతకం చేయకుండా నిలువునా మడిచింది.

"ఈ పొట్టి ప్రతికి అంకెలు ఏమయ్యాయి?"

ఈ ప్రశ్నకు అతను దారి పొడుగునా మూడు జవాబులు తయారు చేసుకున్నాడు. అచ్చాఫీసు వాళ్లు కోశారనొచ్చు. బైండరు కోశాడనొచ్చు. తనకు తెలియదనొచ్చు.

"నేను కోయించానమ్మా. తప్పుందని తెలిసే కోయించాను."

నర్సు అప్పుడు మొదటిసారి అతని వైపు చూసింది. కృతజ్ఞత కాదది. డ్రిప్పు సీసాలో మందు తప్పుగా కలిపారని తెలిసినప్పుడు చూసే చూపు అది.

వరండాలో ఆమె వెనకే వచ్చింది. "అంటే నేను రాసింది తప్పేనా?"

"నీ తప్పు కాదమ్మా."

"ఆ మాట అడగలేదు. సేనాని ముందు భయపడలేదు. అంతేనా?"

"అంతే. చేశాకే భయపడ్డాడు."

"రెండు నైట్లు ఆలోచించాను బాబాయ్ గారూ. నా జన్మలో నాకై నేను కనిపెట్టింది అదొక్కటే అనుకున్నా. ఆయన దొంగిలించాడని ఏడిచాను. అసలు అది నాది కూడా కాదు. ఏ బైండరుదో." శాలువా భుజం మీదికి లాక్కుంది. "మీకు దండం పెట్టాలో, తిట్టాలో తెలీట్లేదు. డ్యూటీకి టైమైంది."

మెట్లు దిగి వెళ్లిపోయింది. ఇంతసేపూ ఆమె ఏమనుకుంటుందోనని అతను లెక్క వేసుకున్నాడు గాని, ఇది ఆ లెక్కలో లేదు. మాస్టారు పక్కనుంచే నడిచి వెళ్లాడు. గొడుగు మర్చిపోయినట్టున్నాడు, మళ్లీ వెనక్కి వెళ్లాడు.

తీర్పు శనివారం గోడ మీద అంటించారు. ఫిర్యాదు కొట్టేశారు. నర్సు సరైన పుస్తకం చూసి జవాబు మళ్లీ రాసివ్వాలి, ఈ ఏటి పరీక్షకు అడ్డం లేదు. మాస్టారు దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడని గుమాస్తా చెప్పాడు. కింద ఇంకో వరుస ఉంది: షావుకారు ఇచ్చిన ప్రతులన్నీ వాపసు. ఇకపై ఏ కేంద్రమూ అతని దగ్గర సరుకు తీసుకోరాదు. ఆ వరుసను కండక్టరు పైకి చదివి, ఈసారి ఏ జోకూ వెయ్యలేదు.

ఆదివారానికి షావుకారు పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగి, కుట్టు సరిగా ఉన్న ప్రతులు పదిహేను సంపాదించాడు. తరగతికి ముందే వెళ్లి తలా ఒకటి బల్లల మీద పెట్టాడు. కొందరు చూడకుండానే సంచిలో వేసుకున్నారు. బ్యాంకు కాపలాదారు తన ప్రతిని వేలితో పక్కకు నెట్టి, పక్కవాడి దాంట్లో చూసుకుంటానన్నాడు.

నర్సు చివర వచ్చింది. కళ్ల కింద నలుపు. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని అతని బల్ల దగ్గరికే వచ్చి నిలబడింది.

"ఇది సరిగ్గా ఉందా?"

"ఉందమ్మా. నేను చూశాను."

"నేనూ చూస్తాను."

అక్కడే నిలబడి మొదటి పేజీ తెరిచింది. బొటనవేలితో ఒక్కో ఆకూ తిప్పుతూ, అడుగున అంకె చూస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. తరగతి నిండింది. మాస్టారి బదులు కొత్తగా వచ్చిన పంతులమ్మ గుమ్మంలో నిలబడి, ఏం జరుగుతోందో తెలియక ఆగింది. షావుకారు కూడా లేచి నిలబడ్డాడు. అరవై నాలుగు దగ్గర నర్సు వేలు ఆగింది. ఆకు తిప్పింది. అరవై అయిదు. ఆమె మళ్లీ కదిలింది. తొందర పడలేదు, అతని మొహంలోకి చూడలేదు. చివరి పేజీ నూట అరవై. పుస్తకం మూసి, "సరే, తీసుకుంటున్నా" అంది.

ఆ నాటకం వల్ల షావుకారుకు పోయినవి నాలుగు కేంద్రాలు, బడుల నోటుపుస్తకాలు, మాస్టారు ఇస్తానన్న మార్కులు, బజార్లో ముప్పై ఏళ్ల పేరు. మిగిలింది ఒక్క పుస్తకం. తన ఎదుటే నిలబడి ఒక మనిషి చివరి పేజీ దాకా చూసి పుచ్చుకున్నది.